చదరంగపు గింజలు – అవిభాజ్య సంఖ్యలు

జగిత్యాల జిల్లాలో, వెల్గటూర్ సమీపాన, గోదావరీ తీరమున కోటిలింగాల క్షేత్రం వెలసియున్నది. శాతవాహన వంశ మూలపురుషుడైన శ్రీముఖుని నాణేలు లభించిన పురాతన స్థలమిది. ఆ నామంలోనే ‘కోటి’ అనే మహాసంఖ్య నిక్షిప్తమై ఉన్నది. వేదం ఏకము మొదలు పరార్ధము వరకు సంఖ్యలకు నామకరణం చేసింది. చమకంలోని పదునొకండవ అనువాకం ఒకటి మొదలు ముప్పదిమూడు వరకు గల బేసిసంఖ్యలతో ఆరంభమవుతుంది.

అట్టి సంప్రదాయంలో గణితాన్ని తెలుగు పద్యాలలో నిలిపిన మహనీయుడు పావులూరి మల్లన. తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుని వలన అగ్రహారం పొందిన వంశం వారిది. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని ఆయన తెనిగించాడు. మహావీరుడు రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపువాడు. ఈ సీమనేలిన వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకే సామంతులు.

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు – ఇట్లు ప్రతి గడికీ ద్విగుణీకరిస్తే అరువదినాలుగు గడులలోని మొత్తమెంత? మల్లన దానిని భూతసంఖ్యలతో ఒక్క పద్యంలో చెప్పాడు. శరమనగా 5, శశి యనగా 1, ఆకాశమనగా 0 – ఇదీ ఆ పద్ధతి. ఫలితం 18446744073709551615. ఇరువది అంకెలలో ఒక్కటీ తప్పలేదు.

ఇది అవిభాజ్యం కాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల గుణఫలం. గడుల సంఖ్య విభాజ్యమైతే మొత్తమూ విభాజ్యమే. గడుల సంఖ్య ప్రధానమైనా మొత్తం ప్రధానం కావాలన్న నియమం లేదు: పదకొండు గడుల మొత్తం 2047, అది 23, 89 ల లబ్ధం. కాని ముప్పదియొకటవ గడి వరకు గల మొత్తం 2147483647 ప్రధానమని 1772లో ఆయిలర్ నిరూపించాడు. అరువదియొకటవ గడి వరకు గల 2305843009213693951 కూడ ప్రధానమేనని 1883లో రష్యాదేశపు పూజారి పెర్వూషిన్ తేల్చాడు. దేవాలయ సేవలో ఉంటూనే ఆయన ఈ గణన సాగించాడు.

2024 అక్టోబరులో ఈ కోవకే చెందిన మరొక ప్రధాన సంఖ్య వెలువడినది. దానికి గడులు 136279841. కోటిలింగాలలోని కోటి ఇక్కడ చాలదు. ఆ సంఖ్యలోని అంకెలే 4,10,24,320.

ఇవన్నీ మల్లనకు ముందే తెలుసునని చెప్పుకొనుటకు కొందరికి ఉత్సాహం కలుగవచ్చును. అది పూర్వులకు గౌరవం కాదు. ఆయన పద్యంలో అవిభాజ్యత ప్రసక్తి లేదు. ఉన్నది నిర్దోషమైన గణన, దానిని కంఠస్థం చేయించే కౌశలం. లేనిది ఆరోపిస్తే ఉన్నదానికే కళంకం. సత్యమే వైదికునికి ప్రథమ నియమం.

ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ ఏనాడో నిరూపించాడు. ఎంత పెద్దది లభించినా దానిని మించినది తప్పక ఉంటుంది. అనంతాన్ని నోటితో పలుకుట సులభం. ఒక్కొక్క గడి లెక్కించుచు దానివైపు నడచుట తపస్సు.

సర్వం శివార్పణమస్తు.