విల్లు కర్ర (నల్లమల)

విల్లు చేయడానికి అడవిలో ఎంచి, నరికి, ఆరబెట్టే వెదురును లేదా కలపను విల్లు కర్ర అంటారు. దక్షిణ తెలంగాణలో విల్లంబులతో అనుబంధం ప్రధానంగా చెంచు గిరిజనులది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్, అచ్చంపేట, లింగాల ప్రాంతాల్లోనూ, నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు అడవుల్లోనూ వీరి పెంటలు (గూడేలు) ఉన్నాయి. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ కొండల్లో వీరి మధ్య పరిశోధన చేసి, 1943లో పుస్తకం ప్రచురించారు. విల్లంబులు, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్ర చెంచుల ముఖ్య పనిముట్లు.

అనువైన జాతులు

నల్లమలలోని ఈ ఆకురాల్చు అడవుల్లో విల్లుకు బాగా పనికొచ్చేవి రెండు. మొదటిది సాధనపు వెదురు. తెలంగాణలో వెదురును కంక అనీ అంటారు. తడి నేలల్లో పెరిగే ముళ్ల వెదురుకు గుల్ల ఎక్కువ. ఎండు గుట్టల వాలులో పెరిగిన సాధనపు వెదురు మాత్రం మందంగా, ఒక్కోచోట గుల్లే లేకుండా ఉంటుంది. రెండోది తడ చెట్టు. దీని కలప గట్టిది, వంచితే విరగకుండా సాగి మళ్లీ నిలబడుతుంది. అందుకే బండి కాడికీ, పనిముట్ల పిడులకూ కూడా వాడతారు. దీని బెరడు నారతో తాళ్లు పేనుతారు.

ఎంపిక

వెదురు ఒక్క వానాకాలంలోనే పూర్తి ఎత్తుకు ఎదుగుతుంది, కానీ చేవ దేరడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కణుపులకు పొరలు అంటుకుని, బూడిద పూసినట్టుండే గడ లేతది. పచ్చదనం మాసి, తడితే గట్టిగా మోగేది ముదురు గడ. పూత పట్టిన పొద చచ్చిపోతుంది, దాని గడలు పెళుసుబారతాయి కాబట్టి వాటిని వదిలేయాలి. తడ కర్రకు ముడులు, మెలికలు ఉండకూడదు. బెరడు గీతలు మెలితిరిగి ఉంటే లోపలి నార కూడా మెలితిరిగినట్టే.

నరకడం, ఆరబెట్టడం

వానాకాలంలో పొద పెరుగుతుంది కాబట్టి అప్పుడు కత్తి పెట్టరు. చలికాలంలో నరికిన గడకు పుచ్చు తక్కువ పడుతుంది. నేలకు కాస్త ఎగువన, కణుపుకు ఆనుకుని పైన నరికితే మోడులో నీళ్లు నిలవవు. పొద నడుమ ఉన్న ముదురు గడలు తీసి, అంచుల్లోని లేతవాటిని ఉంచాలి. కొనలు పగులుతాయని కొలతకన్నా కొంత పొడవుగా తీసుకుని నీడలో ఆరబెడతారు. ఎండలో వేస్తే చీలుతుంది. పొయ్యి మీది అటక పొగ పురుగును ఆపుతుంది.

వెదురు బలమంతా పైతోలు దగ్గరి నారలోనే ఉంటుంది. అందుకే తోలువైపును విలుకాడికి అవతలి ముఖంగా ఉంచి, చెక్కడమంతా లోపలివైపే చేస్తారు.

చట్ట పరిమితులు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వన్యప్రాణుల వేట నిషిద్ధం. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లోని ఈ అడవి నేడు సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరణ హక్కును అడవిబిడ్డలకు ఇచ్చింది. బయటివారు అనుమతి లేకుండా అక్కడ గడ నరకడం నేరం. భారత అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణతో అటవీయేతర భూమిలో పెంచిన వెదురు చెట్టు నిర్వచనం నుంచి తొలగింది కాబట్టి, విల్లు చేయడం నేర్చుకునేవారికి పొలం గట్టు వెదురే సరైన దారి.