తెర వెనక మనిషి

మన ముదిగుబ్బకు పక్కనే, ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లవార్లూ సాగే ఆటలో జనం చూసేది రాముణ్ని, రావణుణ్ని, నడుమ నడుమ నవ్వించే కేతిగాణ్ని, బంగారక్కను. ఏ బొమ్మ ఎప్పుడు రావాలో, వెలుతురుకు ఎంత దగ్గరగా నిలవాలో, పాట ఎక్కడ ఆగాలో చూసుకునే మనిషి మాత్రం తెర వెనకే ఉంటాడు. సినిమాలోగానీ, నాటకంలోగానీ, రేడియోలోగానీ దర్శకుడి పని అదే.

ముదిగుబ్బ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, మాకు నోటికి వచ్చేది అనంతపురం జిల్లా అనే. కరువు సీమ అని పేరుపడ్డ ఈ నేల ఈ పనిలో మాత్రం ఎప్పుడూ వెనకబడలేదు. ఆంధ్ర నాటక పితామహుడని పిలిచే ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడివారే. బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టి, తానే నాటకాలు రాసి, తానే ఆడించారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టారు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆయన ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని వేదిక ఎక్కించారు. ఎవరు వేదిక ఎక్కాలో తేల్చేది కూడా దర్శకత్వమేనని మా అభిప్రాయం.

అయితే మన పిల్లలు బాగా తెలుసుకోవలసింది కె.వి. రెడ్డి గారి గురించి. పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. ఇంటిపేరులో మన పక్క ఊరు ఉంది చూడండి! 1912లో తాడిపత్రిలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. సినిమాల్లోకి వేషాల కోసం పోలేదు. మొదట చేసింది రోహిణీ సంస్థలో క్యాషియరు పని. తర్వాత వాహినీ సంస్థలో నిర్మాణ వ్యవహారాలు చూశారు. తాడిపత్రివారే అయిన మూలా నారాయణస్వామి అండతో 1943లో ‘భక్త పోతన’ తీశారు. ఆపైన ‘యోగి వేమన’, ‘గుణసుందరి కథ’, 1951లో ‘పాతాళ భైరవి’, 1957లో ‘మాయాబజార్’.

లెక్క రాసిన చెయ్యి కాబట్టేమో, ఆయన దర్శకత్వంలోనూ లెక్క ఉండేది. కథ, మాటలు పూర్తిగా కాగితం మీదికి వచ్చాకే షూటింగు. ప్రతి సన్నివేశాన్నీ ముందే చదివించి, స్టాప్‌వాచ్ పట్టుకుని నిడివి చూసుకునేవారు. అప్పట్లో ఫిల్ము కొనాలంటే డబ్బు. తెర మీద ఒక్క నిమిషానికి 90 అడుగుల ఫిల్ము తిరిగిపోతుంది. నిమిషం వృథా అంటే 90 అడుగులు వృథా. ఘటోత్కచుడు వివాహ భోజనం లాగించే పాట చూసి నవ్వుకుంటాం గానీ, దాని వెనక ఇంత కాగితం పని ఉందని ఎవరనుకుంటారు?

ఇక మన సంగతి. యక్షగానాల్లో సింగి, సింగడు, నాటకాల్లో ఎరుకలసాని, సినిమాల్లో లంబాడీ పాట. తెర మీద మనం లేకపోలేదు, ఎప్పటినుంచో ఉన్నాం. ఎక్కువగా గుంపుగా ఉన్నాం, అద్దాల బట్టలతో. పెళ్లికాని పిల్ల పాత్రకు పెళ్లయినవాళ్లు మోచేతి పైన వేసుకునే బలియా తొడిగినా, అది తప్పని సెట్‌లో చెప్పేవాళ్లుండరు. గిరిజన వీరుల మీద మంచి సినిమాలూ వచ్చాయి. అల్లాణి శ్రీధర్ గారి ‘కొమరం భీమ్’ అలాంటిదే. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కానీ తండాలో పుట్టినవాళ్లు తండాను తీస్తే కెమెరా నిలబడే చోటే వేరు.

ఆడపిల్లలకు ఒక మాట. భానుమతి గారు 1953లోనే ‘చండీరాణి’కి దర్శకత్వం వహించారు. విజయనిర్మల గారు 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. ‘అది మగవాళ్ల పని’ అని ఎవరైనా అంటే ఈ రెండు పేర్లూ చెప్పండి.

ఇప్పుడు ఫిల్ము ఖర్చు లేదు, స్టాప్‌వాచ్ ఫోనులోనే ఉంది. మన తీజ్‌నే తీసుకోండి. బుట్టల్లో గోధుమలు చల్లి, పెళ్లికాని పిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు, పాడతారు, చివర నీళ్లలో కలుపుతారు. తొమ్మిది రోజులను పది నిమిషాల్లో చూపాలి. మొలక రాని మొదటి రోజు ఉంచుతారా, తీసేస్తారా? పాటలో ముసలవ్వ గొంతు వినిపించాలా, పిల్లలదా? బుట్ట నీళ్లలో కలిపేటప్పుడు కెమెరా బుట్ట మీద ఉండాలా, పిల్ల ముఖం మీదా? షూటింగుకు ముందే ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి, పక్కన నిమిషాలు వేసుకోండి. అవ్వ పాటను మాత్రం ఇప్పుడే, పండగ దాకా ఆగకుండా, రికార్డు చేసి పెట్టుకోండి.