ఎవరి చలికి ఎవరి పెట్టె?

పోయిన ఆదివారం మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, ఒక్కసారి వచ్చి వెళ్ళవూ, నాకు మతి పోతోంది" అంది. ఏం కొంప మునిగిందోనని చేతిలో పని వదిలేసి పరుగెత్తాను. మునిగిందేమీ లేదు. మంచం మీద బట్టల గుట్ట, గుట్ట పక్కన తల పట్టుకుని ఆవిడ. దసరా సెలవులకి ఇంటిల్లిపాదీ ఇటలీ వెళ్తున్నారు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, అత్తగారు. పది రోజుల ప్రయాణం. మిలానులో దిగి, వెనిస్, ఫ్లారెన్స్ చూసుకుని, రోములో విమానం ఎక్కుతారట.

"అక్కడిప్పుడు ఎండా, చలా, వానా?" అన్నాను.

"మూడూనూ! అదేగా నా చావు. పొద్దున్న స్వెట్టరు కావాలిట, మధ్యాహ్నం నేతచీర చాలుట, సాయంత్రం గొడుగు లేకపోతే గతి లేదుట. ఐదుగురికి మూడు కాలాల బట్టలు ఎక్కడ పట్టించను వదినా?"

గుమ్మం పక్కన ఒక చిన్న సంచీ, జిప్పు కూడా వేయించుకుని, బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. "అది మీ అన్నయ్యగారిది. పావుగంటలో సర్దేసుకున్నారు. ఆడవాళ్ళకి సర్దుకోవడం చేతకాదని పైగా నాకో పాఠం!" అంది.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ చిన్న సంచీ గొప్పా, ఈ పెద్ద పెట్టె అవస్థా ఇవాళ్టివి కావు. రెండు వందల ఏళ్ళ పైనాటివి. అవీ సరిగ్గా ఇటలీ దారిలోవే. చీరలు మడతపెడుతూ ఆవిడకి ఆ కథ చెప్పాను. మీకూ చెబుతాను, వినండి.

ముందు ఆ దేశం సంగతి. ఇటలీ పటం చూశారుగా, పొడుగాటి బూటులా ఉంటుంది. పైన ఆల్ప్స్ కొండల మంచు, మిగతా మూడు వైపులా సముద్రం. అందుకని అక్టోబరు నెలంటే దేశమంతటా ఒకే అక్టోబరు కాదు. మిలానులో పగలు దాదాపు 18 డిగ్రీలు, రాత్రి 10 డిగ్రీలు ఉంటే, రోములో పగటి ఎండ 22 డిగ్రీల దాకా వస్తుంది. ఇంకా కిందకి సిసిలీ వెళితే సముద్రంలో స్నానాలు చేసేవాళ్ళు కనిపిస్తారు. రోము వాళ్ళకి ఈ వెచ్చని అక్టోబరు రోజులంటే ఎంత ముద్దంటే, వాటికి 'ఒత్తోబ్రాతా' అని ఒక పేరే పెట్టుకున్నారు. అలా అని నమ్మి గొడుగు ఇంట్లో వదిలేస్తే అంతే సంగతులు. రోములో వానలు బాగా కురిసేదీ అక్టోబరు, నవంబరు నెలల్లోనే.

పైగా గాలులు. ఉత్తరాన్నించి ట్రమొంతానా వీచిందంటే ఒళ్ళు వణుకుతుంది. ఆఫ్రికా వైపు నుంచి సిరొక్కో వీచిందంటే ఉక్కపోత, తేమ. ఈ సిరొక్కోయే సముద్రపు నీళ్ళని వెనిస్ మీదకి తోస్తుంది. 1966 నవంబరు 4న వెనిస్‌లో నీరు 194 సెంటీమీటర్ల ఎత్తుకి లేచింది. అదే రోజున అక్కడ ఫ్లారెన్స్‌లో ఆర్నో నది పొంగి, బొమ్మలూ పుస్తకాలూ బురదపాలయ్యాయి. ఇప్పుడు వెనిస్‌కి సముద్రం మీద ఇనప తలుపులు కట్టారు. 2020 అక్టోబరు 3న మొదటిసారి నిజం పోటుకి వాటిని లేపి ఊరిని ఆపుకున్నారు. అంత చేస్తే గాని ఆకురాలు కాలాన్ని నమ్మడానికి లేదన్నమాట.

మరి ఇంత పేచీకోరు కాలంలోనే ఎందుకు వెళ్ళేవారు పాతకాలపు యాత్రికులు? దానికి రెండు కారణాలు. ఆల్ప్స్ కనుమలు మంచుతో మూసుకుపోకముందే దాటాలి. వేసవిలో వెళదామంటే రోము చుట్టుపక్కల విషజ్వరాలు. అందుకని సెప్టెంబరులో బయల్దేరి, చలికాలానికి రోము చేరేవారు. ఒక ప్రయాణంలోనే కొండచలి, మైదానపు ఎండ, వానలూ అన్నీ తగిలేవి.

అలా వెళ్ళినవాళ్ళలో చిన్న సంచీ ఆయన ఎవరనుకున్నారు? జర్మన్ మహాకవి గోథే. 1786 సెప్టెంబరు 3. కార్ల్స్‌బాద్ అనే స్నానాల ఊళ్ళో మిత్రులంతా నిద్రపోతుండగా తెల్లవారుజామున 3 గంటలకి లేచి, ఎవ్వరికీ చెప్పకుండా బండి ఎక్కేశాడు. అప్పటికి ఆయన వైమార్ సంస్థానంలో మంత్రి. వయసు 37. చేతిలో ఉన్న సామాను ఒక బట్టల సంచీ, ఒక తోలు తిత్తి. అంతే! ఎవరూ గుర్తుపట్టకుండా మోలర్ అని మారుపేరు పెట్టుకున్నాడు. వానలో కొండలెక్కి, బ్రెన్నర్ కనుమ దాటి, వెచ్చటి ఇటలీలోకి దిగాడు. వెరోనాలో తన బూట్లని జనం వింతగా చూస్తున్నారని గమనించి, అక్కడి వాళ్ళలాంటి జోళ్ళూ మేజోళ్ళూ తొడుక్కుని వాళ్ళల్లో కలిసిపోయాడు. కావలసింది దొరికినచోట కొనుక్కోవడం, అక్కర్లేనిది మోయకపోవడం. ఎంత హాయి!

తర్వాత రోములో టిష్‌బైన్ అనే స్నేహితుడు ఆయన బొమ్మ వేశాడు. వెడల్పాటి టోపీ, ఒళ్ళంతా కప్పిన తెల్లటి పైబట్ట, శిథిలాల మీద దర్జాగా చేరగిలబడిన మనిషి. ఎండకీ, చలికీ, దుమ్ముకీ ఆ ఒక్క బట్టే. అన్నట్టు ఆ బొమ్మలో కవిగారి రెండు పాదాలూ ఎడమవే! చిత్రకారుడు ఏ ధ్యాసలో ఉన్నాడో.

"చూశావా, ఆయనా మీ అన్నయ్యగారి లాగే" అంది మా ఆడపడుచు, కాస్త నీరసంగా.

"ఉండు, ఇంకా అవలేదు" అన్నాను. గోథే సంచీ ఎందుకు తేలికయిందో చూడాలిగా. ఆయన వెంట ముసలివాళ్ళు లేరు, పిల్లలు లేరు, రోగులు లేరు. వెనక ఇంటిదగ్గర డబ్బూ, ఉత్తరాలూ, లెక్కలూ చూడడానికి జైడెల్ అనే నమ్మకస్తుడైన నౌకరు ఉన్నాడు. ఆయన ఎక్కడికి వెళుతున్నాడో ఆ నౌకరుకి తెలుసు గాని, ఏళ్ళ తరబడి ప్రాణస్నేహంగా ఉన్న షార్లొట్టె ఫన్ స్టైన్ అనే ఆవిడకి తెలియదు. చెప్పకుండా పోయాడని ఆవిడ మనసు విరిగింది, మళ్ళీ పూర్తిగా అతకలేదు. కవిగారి ప్రయాణం లోకానికి మంచి పుస్తకాన్ని ఇచ్చింది, కాదనను. కాని బరువు అనేది ఎక్కడికీ పోదు. ఒకరి భుజం మీంచి దిగితే ఇంకొకరి మీద ఎక్కుతుంది.

ఇక పెద్ద పెట్టె ఆవిడ. పేరు మారియానా స్టార్క్, ఇంగ్లీషావిడ. వాళ్ళ నాన్న మన చెన్నపట్నం వైపు ఈస్టిండియా కంపెనీ కొలువు చేసి వెళ్ళినవాడు. ఈవిడ మన దేశం ఇతివృత్తంగా నాటకాలు కూడా రాసింది. 1792లో జబ్బుపడ్డ తనవాళ్ళకి చలిలేని గాలి కావాలని వాళ్ళకి తోడుగా దక్షిణానికి బయల్దేరింది. నీస్ పట్టణాన్ని ఫ్రెంచి సైన్యాలు పట్టుకున్నప్పుడు అక్కడే ఉంది. ఒక పక్క యుద్ధం, ఒక పక్క దగ్గు, ఆయాసం. 1798 దాకా ఆ దేశంలోనే గడిపి, ఆ అనుభవమంతా 1800లో 'లెటర్స్ ఫ్రమ్ ఇటలీ' అనే పుస్తకంగా వేసింది. తరవాత దాన్ని పెంచి పెంచి యాత్రికులందరికీ చేతిపుస్తకం చేసింది.

ఆ పుస్తకాల్లో ఇటలీకి ఏమేం పట్టుకెళ్ళాలో ఒక జాబితా ఉంది. అది చూస్తే మా ఆడపడుచు మంచమే గుర్తొచ్చింది నాకు. దుప్పట్లు, దిండ్లు, గలీబులు. పక్క తడిగా ఉన్నా ఒంటికి తగలకుండా తోలు దుప్పట్లు. కాలికో దుప్పట్లు కూడా. కాలికో అంటే మన కోళికోడ్ పేరుతో వెళ్ళిన బట్టే. ఫ్లానెలు, ఉన్ని మేజోళ్ళు, దళసరి పైకోట్లు. రెండు అట్టల జోళ్ళు, ఎందుకంటే ఇటలీ ఇళ్ళలో చలువరాయి, ఇటుక నేలలు పాదాల్ని కొరికేస్తాయి. సత్రం గది తలుపుకి బిగించుకునే తాళం, టీ కెటిలు, సూదీ దారం, మందుల పెట్టె, చివరికి పిస్తోళ్ళు కూడా!

నవ్వొస్తుంది కదూ? అప్పటివాళ్ళూ నవ్వారు. స్టెంధాల్ అనే ఫ్రెంచి నవలాకారుడు 1839లో అచ్చయిన తన నవలలో, ఏ చిన్న వస్తువు కొనాలన్నా ఈవిడ పుస్తకంలో ధర చూసుకునే ఇంగ్లీషు యాత్రికుణ్ణి పట్టుకుని వేళాకోళం చేశాడు. సరే, చేస్తే చేశాడు. ఆ జాబితా మళ్ళీ ఒకసారి చదవండి. అందులో ఒక్కటీ షోకు వస్తువు లేదు. ప్రతిదాని వెనకా ఒక రాత్రి ఉంది. ఏదో ఊరి సత్రంలో తడి పక్క మీద రోగి వణికిన రాత్రి, మందు చేతికి అందని రాత్రి. ఇంకోసారి అలా జరక్కూడదని వేసుకున్న లెక్క అది. మనం రైలు ప్రయాణానికి అమృతాంజనం, జీలకర్ర, పాత తువ్వాలు పెట్టుకున్నట్టే.

ఆ జాబితాలో దోమతెర ఉంది చూడండి, దాని దగ్గర ఆగాలి. రోము జ్వరాలకి కారణం చిత్తడినేలల మీంచి వచ్చే చెడుగాలి అని ఆ రోజుల్లో అందరి నమ్మకం. ఇటాలియన్ భాషలో 'మాల్ ఆరియా' అంటే చెడుగాలి అనే. వేసవి చివర నుంచి అక్టోబరు దాకా అది విజృంభించేది. రాత్రి గాలి తగలకూడదని కిటికీలు మూసుకునేవారు. దోమతెర మాత్రం నిద్రపట్టడం కోసం. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో ఆ జ్వరం క్రిమిని కనిపెట్టాడు. మరుసటి ఏడాది ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులూ మనిషికి ఆ జ్వరం అనోఫిలిస్ దోమవల్లే వస్తుందని తేల్చారు. 1900లో ఇద్దరు డాక్టర్లు రోము దగ్గరి చిత్తడినేలలో, జ్వరాల కాలమంతా, అక్టోబరు దాకా, దోమలు దూరని జాలి బిగించిన గుడిసెలో రాత్రిళ్ళు పడుకున్నారు. వాళ్ళకి జ్వరం రాలేదు! ఇటలీకి మలేరియా పీడ పూర్తిగా వదిలిందని ప్రకటించేసరికి 1970 అయింది. అంటే వందేళ్ళ ముందే, ఎందుకో తెలియకుండానే, ఒకావిడ సరైన వస్తువు పెట్టెలో పెట్టింది. అతిజాగ్రత్త అని నవ్వేవాళ్ళకి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

ఇప్పుడు తోలు దుప్పట్లు అక్కర్లేదు, పిస్తోళ్ళు అసలే వద్దు. 1871లో ఆల్ప్స్ కింద రైలు సొరంగం తెరిచారు. 1972లో సూట్‌కేసుకి చక్రాలు పెట్టినాయనకి అమెరికాలో పేటెంటు వచ్చింది. దళసరి కోటు ఒకటి బదులు పల్చటివి రెండుమూడు, ఉల్లిపొరల్లా, ఒకదానిమీద ఒకటి వేసుకుని, ఎండెక్కిన కొద్దీ విప్పుకుంటే సరిపోతుంది. చలువరాతి నేల మాత్రం మారలేదు కనక మందపాటి మేజోళ్ళు కావాలి. చర్చిల్లోకి భుజాలు కప్పుకుని వెళ్ళాలి కనక శాలువా ఒకటి. మన పైట ఉండగా ఆ భయమూ లేదనుకోండి.

కథ అయిపోయింది. నేను లేచి ఆ బుద్ధిమంతుడి సంచీ జిప్పు తీశాను. రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, గడ్డం సామాను. "అన్నయ్యగారి స్వెట్టరేదీ?" అన్నాను. గుట్టలోంచి తీసింది. "గొడుగు?" గుట్టలోదే. "బీపీ మాత్రలు?" ఆవిడ హ్యాండుబ్యాగులో. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వాం.

నవ్వు విని అన్నయ్యగారు వచ్చారు. ఆయన చలి ఆయన చేతిలో పెట్టాం. మారు మాట్లాడకుండా మడతపెట్టుకున్నారు, పాపం. కాకపోతే జిప్పు మాత్రం మళ్ళీ పడలేదు. పిల్లల్నీ పిలిచి ఎవరి మేజోళ్ళు వాళ్ళకి ఇచ్చాం. అత్తగారి ఉన్ని శాలువా, మోకాళ్ళ నూనె మాత్రం ఆవిడ పెట్టెలోనే ఉంచాం. పెద్దావిడ మోయలేదు కదా. గుట్ట సగానికి సగం తగ్గింది.

అప్పుడు అడిగాను. "నీ స్వెట్టరేదమ్మా?"

మంచమంతా వెతికింది. లేదు. ఐదుగురికి మూడు కాలాల బట్టలు అని పొద్దుటినించీ వేధించుకున్న మనిషి, నలుగురికే సర్దింది! "నాకెందుకులే వదినా, శాలువా కప్పుకుంటాను" అంది.

ఇంటికొచ్చి, మా బీరువాలోంచి నా నీలం స్వెట్టరు తీసుకెళ్ళి ఆవిడ పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి మూత వేశాను. మిలానులో దిగి పెట్టె తెరవగానే అదే మొదట చేతికి తగలాలని.