సుడి దోషమా, సాకినవాని దోషమా?

భారతమున నలోపాఖ్యానము చదివినవారికి ఋతుపర్ణుని ప్రయాణము జ్ఞాపకముండకపోదు. దమయంతికి రెండవ స్వయంవరమని విని, ఆ రాజు ఒక్క పగటిలో విదర్భ చేరవలెనని తొందరపడును. సారథియైన బాహుకుడు, అనగా మారురూపముననున్న నలుడు, సాలలోనికి పోయి గుఱ్ఱములను ఏరి తెచ్చును. అవి బక్కచిక్కిన గుఱ్ఱములు. రాజు కోపించి, ఈ బలహీనములు మనలను అంత దూరము మోయగలవా యని గద్దించును. బాహుకుడు చలింపడు. వ్యాసుడు ఆ గుఱ్ఱములను వర్ణించుచు, అవి కృశించియున్నను దారి నడచుటకు సమర్థములనియు, వెడల్పైన ముక్కుపుటములును గొప్ప దవుడలును గలవనియు, సింధుదేశమున పుట్టినవనియు చెప్పి, పది సుడులచేత శుద్ధములనియు చేర్చెను. ఈ నలకథను 11వ శతాబ్దమున మన రాజమహేంద్రవరమున, రాజరాజనరేంద్రుని కొలువున, నన్నయభట్టు తెనుగు చేసెను.

ఆ యొక్క వర్ణనలో రెండు చూపులు కలిసియున్నవి. ముక్కుపుటములు వెడల్పైనచో గాలి ధారాళముగా లోనికి పోవును; పరుగెత్తు జంతువునకు ఊపిరియే బలము. ఇది కంటితో చూచి కారణముతో నిరూపింపదగిన సంగతి. సుడి అట్టిది కాదు. సుడి యనగా వెండ్రుకలు ఒకచోట తిరుగుడుపడి మొలచుట. దానికిని యజమాని భాగ్యమునకును గల సంబంధమును ఎవరును నిరూపింపలేదు. మన పూర్వుల అశ్వశాస్త్రమున ఈ రెండు చూపులును ఒకే గౌరవముతో పక్కపక్కనే నడచినవి. వానిలో మనము దేనిని నిలుపుకొంటిమి, దేనిని పోగొట్టుకొంటిమి అనునదియే నేనిచట విచారింపదలచిన విషయము.

నిలుపుకొనదగినది కొంచెము కాదు. 1909లో ముద్రితమై లోకమునకు తెలియవచ్చిన కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని ప్రకరణ మొకటి కలదు. ఉత్తమాశ్వమునకు ముఖము 32 అంగుళములు, నిడివి ముఖమునకు 5 రెట్లు, జంఘ 20 అంగుళములు, శరీరపు చుట్టుకొలత 100 అంగుళములు ఉండవలెనని అందు నియమము. గుఱ్ఱమును మాటతో పొగడక కొలతతో చూడవలెనను బుద్ధి అంత పూర్వమే మనకు కలదన్నమాట. అంతకంటె మెచ్చదగినది మఱియొకటి. గుఱ్ఱపు వైద్యులు శరీరము తగ్గుటకును పెరుగుటకును తగిన ప్రతీకారము చూడవలెననియు, ఋతువును బట్టి ఆహారము మార్చవలెననియు అతడు విధించెను. చికిత్సలోని లోపముచేత రోగము ముదిరినచో, వైద్యమునకైన వ్యయమునకు రెండు రెట్లు దండుగ. గుఱ్ఱము చిక్కినచో దోషమెవరిదో కౌటిల్యునకు సందేహము లేదు.

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పండ్ల రంగును, అరుగుదలను బట్టి గుఱ్ఱపు వయస్సు నిర్ణయించు క్రమమును చెప్పెను. నేటి పశువైద్యులును నోరు తెరచియే వయస్సు చూతురు. రెండున్నర యేండ్లకు నడిమి పాలపండ్లు పోయి స్థిరదంతములు వచ్చును. మూడున్నరకు వాని పక్కవి, నాలుగున్నరకు చివరివి. అయిదవ యేటికి నోరు నిండును. అయితే ఆ వరాహమిహిరుడే అదే అధ్యాయమున సుడుల శుభాశుభములను కూడ వివరించెను. కంఠమందలి సుడికి దేవమణి యని పేరు, అది శుభము. మఱియొకచోట నున్నచో అశుభము. నాలుగు కాళ్లును ముఖమును తెల్లనైనది పంచకల్యాణి. మన తెలుగునను మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను పద్యకావ్యమునే రచించెను. గ్రంథములకు కొదువ లేదు.

ఇక చరిత్రను చూతము. గోదావరీ కృష్ణల నడిమి తడినేల వరికి తల్లి గాని గుఱ్ఱమునకు కాదు. నిత్యము బురదలో నిలుచు గిట్ట మెత్తబడి కుళ్లును. కనుక తెలుగురాజులకు మేలుజాతి గుఱ్ఱము సముద్రముమీదనే రావలసియుండెను. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున 1244-45లో కాకతి గణపతిదేవుడు అభయశాసనము వేయించి, ఓడ పగిలిన వర్తకుల సొత్తును రాజులు హరించెడి దురాచారమును మాన్పెను. 1358లో అనవోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయమిచ్చెను. అవచి తిప్పయసెట్టి హురుమంజి, అనగా హొర్ముజు రేవునుండి, గుఱ్ఱములను తెప్పించెనని, పిదప మన రాజమహేంద్రవరపు రెడ్డికొలువున వెలసిన శ్రీనాథుడు హరవిలాసమున చెప్పెను. దూరద్వీపముల నుండి ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు వర్తకులకు ఊళ్లును మేడలును మంచి వెలయు నిచ్చి, ఆ సరకు శత్రువులకు చేరకుండ చూచుకొనవలెనని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా ఉపదేశించెను.

ఈ వర్తకమునకైన వ్యయము ఎంతటిదో పోర్చుగీసువాడగు నూనిజు వ్రాతవలన తెలియును. అతడు స్వయముగా గుఱ్ఱపు బేరగాడు. సాళువ నరసింహుడు (1485-1491) హొర్ముజు, ఏడెను రేవుల గుఱ్ఱములను వేయి పర్దాలకు మూడు చొప్పున, బ్రదికినదైనను చచ్చినదైనను, కొనుచుండెనట. సముద్రమున చచ్చిన గుఱ్ఱపు తోక తెచ్చి చూపినచో ప్రాణముతో వచ్చినదానికి వలెనే వెల చెల్లించుచుండెనట! ఇక కృష్ణరాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండెనని ఆతడే వ్రాసెను. ఆ లెక్కలో అతిశయోక్తి యుండవచ్చును. అయినను ధనము పోయిన మార్గము స్పష్టమే.

ఇన్ని గుఱ్ఱములు వచ్చియు ఏటేట మరల ఎందుకు కొనవలసివచ్చెను? యుద్ధములొక కారణము. రెండవ కారణమును 13వ శతాబ్దాంతమున మన దక్షిణతీరమునకు వచ్చిన మార్కోపోలో చెప్పెను. పాండ్యదేశమునకు వేలకొలది గుఱ్ఱములు వచ్చుననియు, సంవత్సరము తిరుగునప్పటికి వానిలో కొన్నియే మిగులుననియు, వానిని సాకు విధము తెలిసినవారచట లేకుండుటయే దానికి హేతువనియు అతడు వ్రాసెను. వండిన అన్నమును మాంసమును వానికి పెట్టుచుండిరట. గొప్ప జాతి గుఱ్ఱమునకును గొప్ప జాతి ఆడుగుఱ్ఱమునకును పుట్టిన పిల్లయు అచట వంకరకాళ్లతో, ఎక్కుటకు పనికిరానిదై పుట్టుచుండెనట. గుఱ్ఱపు వైద్యులను ఈ దేశమునకు రానీయక వర్తకులు అడ్డుపడుచుండిరని కూడ అతడు చెప్పెను. గుఱ్ఱము చచ్చిననే కదా వారికి మరల బేరము!

వర్తకుని లోభము వర్తకునిది. కాని శాస్త్రము మన యింటనే యుండగా మనకు అట్టి దురవస్థ ఏల? నాకు తోచిన సమాధాన మిది. శ్లోకము తెలిసినవాడు గుఱ్ఱపు కాలు పట్టలేదు. కాలు పట్టినవానికి శ్లోకము తెలియదు. పండ్ల అరుగుదల, ఋతువునకు తగిన మేత, గిట్ట పోషణ, ఇవి ప్రతిదినము చేతితో చేయవలసిన పనులు. అవి తాటాకులలో నిలిచిపోయినవి. సుడికి చేయి అక్కరలేదు. దూరమునుండి చూచి వ్రేలు చూపిన చాలును. కనుక అది మాత్రము నోట నోట సంతకు దిగివచ్చెను.

చిత్రమేమనగా, సుడికి నిజమైన ఉపయోగ మొకటి కలదు. గుఱ్ఱము పుట్టినది మొదలు చచ్చువరకు సుడి స్థానము మారదు. అందుచేతనే నేడు పందెపు గుఱ్ఱముల గుర్తింపు పత్రములయందు సుడులను నమోదు చేయుదురు. అర్థశాస్త్రమును ప్రతి గుఱ్ఱపు కులమును, వయస్సును, రంగును, చిహ్నములను లెక్కలో వ్రాయుమన్నది. లక్షణ మనగా మొదట గుర్తు. దానిని మనము జాతకముగా మార్చుకొంటిమి.

మఱి గుఱ్ఱమును ఎట్లు చూడవలెను? రెండు ప్రశ్నలను వేఱుచేసి చూడవలెను. మొదటిది నిర్మాణము, అనగా ఎముకల కూర్పు. సమమైన నేలపై నిలిపి, ఎదుటనుండి చూచినపుడు, భుజపు మొననుండి వ్రేలాడదీసిన దారము మోకాలిని గిట్టను సరిగా రెండుగా పంచవలెను. పక్కనుండి చూచినపుడు మెడ, వీపు, తుంటి ఒకదానితో ఒకటి పొత్తు కలిగియుండవలెను. పిదప నడిపించి, చిన్నగా పరుగెత్తించి, కుంటు ఉన్నదేమో చూడవలెను. ఇది చాలవరకు పుట్టుకతో వచ్చునది. రెండవది ఒడలి పుష్టి. 1983లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున హెన్నికి యను పండితుడును అతని తోడివారును దీనికి 1 మొదలు 9 వరకు మెట్లు ఏర్పఱచిరి. మెడ, మూపు, భుజము వెనుక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు అను ఆరు చోట్ల కంటితో చూచి చేతితో తడిమి నిర్ణయింపవలెను. పక్కటెముకలు కంటికి కానరాక చేతికి సులభముగా తగిలినచో 5. అది మధ్యమము, మేలైనది. ఒకటి యనిన ఎముకలగూడు. తొమ్మిది యనిన కొవ్వు పేరుకొన్నది. ఇది పుట్టుకతో వచ్చునది కాదు. గుఱ్ఱపు పక్కటెముకలు చాలవరకు దాని యజమాని చేతలను తెలుపును.

మా తాతగారు చెప్పిన సంగతి యొకటి కలదు. గోదావరి కాలువలపై పడవలును, పల్లెలలో ఎద్దుబండ్లును నడచుచుండగా, పట్టణములలో జట్కాబండ్లు తిరిగిన కాలమది. ఒక జట్కావాని యింటికి ఒకే యేట గుఱ్ఱమును కోడలును వచ్చిరి. ఆ యేడే ఇంటి పెద్ద చనిపోయెను. గుఱ్ఱము నానాటికి చిక్కెను. దాని నుదుట చెడ్డ సుడి యున్నదని ఒకడు కనిపెట్టెను. కోడలి అడుగు మంచిది కాదని ఇరుగుపొరుగు అమ్మలక్కలు కనిపెట్టిరి. గుఱ్ఱమును వచ్చిన వెలకు అమ్మివేసిరి. కోడలిని పుట్టింటికి పంపిరి. కొన్నవాడు గుఱ్ఱమును పశువైద్యునికి చూపెను. వైద్యుడు నోరు తెరచి చూడగా దవుడపండ్ల అంచులు వాడిగా పెరిగి బుగ్గలను కోయుచుండెను. పాపము, ఉలవలు ముందు పోసినను అది నమలలేకపోయినది! ఆకురాయితో ఆ పండ్లను సరిచేసిరి. కొన్ని నెలలకు ఆ గుఱ్ఱము అదే వీథిలో నిగనిగలాడుచు బండి లాగెను. సుడి మాత్రము ఉన్నచోటనే యున్నది.

కోడలి సంగతి ఏమయ్యెనో మా తాతగారు చెప్పలేదు. అడుగవలెనని నాకును అప్పుడు తోచలేదు.

చదువరులారా, జట్కాలు పోయినవి, గుఱ్ఱపుసాలలు పోయినవి. సుడి మాత్రము మన యిండ్లలో మిగిలియున్నది. పిల్లవాని తలపై రెండు సుడులు చూచి ఇద్దరు పెండ్లాములని నవ్వుకొందుము. అది వట్టి వేడుక. కాని పెండ్లిచూపులలో అడుగు లక్షణము, పుట్టుమచ్చ, నక్షత్రము విచారించి, పిదప ఇంట కలిగిన ప్రతి కష్టమును ఆ పిల్ల తలకు చుట్టునపుడు అది వేడుక కాదు. దోషమును ప్రాణి శరీరముపై వ్రాసినచో సాకినవాడు తప్పించుకొనును. శకునమునకు గల బలమంతయు ఇందే యున్నది. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మన సామెత. ఇంటికి వచ్చిన ప్రాణి చిక్కిపోయినపుడు నుదుటి సుడిని వెదకకుడు. ముందు మేతతొట్టి చూడుడు. పిదప నోరు తెరచి చూడుడు.