మేకు, మర మేకు – బిగింపు వెనుక చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకులు కోరారు. రాజుల చరిత్ర రాయడానికి నాకంటే తగినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. వర్క్‌షాపు స్టోర్సులో గ్రోసుల లెక్కన నేను జమాఖర్చు రాసిన వస్తువు గురించైతే నాలుగు మాటలు చెప్పగలను. అదే మేకు. దాని వెనుక వచ్చిన స్క్రూ.

ముందు పేర్ల సంగతి. చీల అనేది మన పాత మాట. మేకు అనేది పారసీ ‘మేఖ్’ నుంచి వచ్చి మనలో కలిసిపోయింది. స్క్రూ ఒంటిమీద చుట్టుకుంటూ దిగే గాడిని మర అంటాం కనుక పెద్దలు దాన్ని ‘మర మేకు’ అన్నారు. మన పాత వడ్రంగులకు ఇనుప మేకుతో పెద్దగా పని ఉండేది కాదు. ఒక చెక్కకు నాలుక తీసి, రెండో చెక్కలో దానికి సరిపడా తొర్ర తొలిచి, రెండూ కలిపి అడ్డంగా చెక్క చీల దిగగొట్టేవారు. అలా చేసిన ద్వారబంధాలు పాత ఇళ్ళలో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఇనుప మేకు ఒకప్పుడు చాలా ఖరీదైన వస్తువు. ఒక్కొక్క మేకునూ కమ్మరి కొలిమిలో కాల్చి, మొన తీసి, తల కొట్టాలి. స్కాట్లండులోని ఇంచ్‌టుథిల్ అనే చోట రోమన్ సైన్యం క్రీ.శ. 87 ప్రాంతంలో తన కోటను విడిచిపోతూ సుమారు 8,75,000 మేకులను గోతిలో పాతిపెట్టి వెళ్ళింది. ఆ ఇనుము శత్రువు చేతిలో పడితే ఆయుధాలవుతుందని భయం. 1960లో తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. అమెరికాలోని వర్జీనియాలో, ఊరు మారే వలసదారులు పాత ఇంటిని తగలబెట్టి బూడిదలో మేకులు ఏరుకునేవారు. దాన్ని ఆపడానికి 1645లో చట్టమే చేశారు. ఇల్లు కాల్చకుండా వదిలి వెళితే అందులో ఎన్ని మేకులు ఉంటాయో లెక్కగట్టి అన్ని ఇస్తామన్నారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1794లో తన ఎస్టేటులో మేకుల కొలిమి పెట్టి, పది నుంచి పదహారేళ్ళ బానిస పిల్లలచేత మేకులు కొట్టించాడు. తీగను కోసి మేకులు చేసే యంత్రాలు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చాకనే అవి అందరికీ చవకగా దొరికాయి.

మేకుకు ఒక స్వభావం ఉంది. అది చెక్క నారలను పక్కకు నెట్టుకుంటూ దిగుతుంది. ఆ నారలు తిరిగి నొక్కిపట్టడం వల్లనే అది నిలుస్తుంది. చెక్క ఎండి కుంచించుకుంటే ఆ పట్టు సడలుతుంది. పైగా మేకును పీకితే చెక్క పాడవుతుంది, మేకు వంగుతుంది. స్క్రూ అలా కాదు. దాని మర చెక్కలోకి కోసుకుపోయి పట్టుకుంటుంది, తిరగతిప్పితే వదిలేస్తుంది. విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించుకోవడానికి వీలైన బిగింపు మనిషికి స్క్రూతోనే చవకగా దొరికింది. నా వ్యాసమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మర సూత్రం ప్రాచీన గ్రీకులకు, రోమన్లకు తెలుసు. నూనె, ద్రాక్షరసం పిండే యంత్రాల్లో కొయ్య మరలు వాడేవారు. బిగింపు కోసం ఇనుప స్క్రూ యూరపులో పదిహేనో శతాబ్దం నుంచి కనబడుతుంది. చేత్తో ఆకురాయి పట్టి మర తీయవలసి రావడం వల్ల ఒక స్క్రూ మరొక స్క్రూలా ఉండేది కాదు. 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్స్‌లే కచ్చితంగా మర తీసే లేతు మిషన్ తయారుచేశాక ఒకే కొలతతో ఎన్నైనా చేయడం సాధ్యమైంది. చెక్క స్క్రూకు మొన వచ్చింది మాత్రం ఇంకా తర్వాత, 1840లలో, అమెరికాలో. అంతవరకు దాని కొస మొండిగానే ఉండేది. మొన ఉన్న స్క్రూల యంత్రాల హక్కులు 1854లో ఇంగ్లండులోని నెటిల్‌ఫోల్డు కంపెనీ కొన్నది. ఆ వ్యాపారమే కాలక్రమాన 1902లో గెస్ట్, కీన్ అండ్ నెటిల్‌ఫోల్డ్స్‌గా మారింది. ఒకప్పుడు దాని శాఖగా ఉండేదే మన హౌరాలోని గెస్ట్ కీన్ విలియమ్స్. ‘జి.కె.డబ్ల్యు.’ పేరు చెబితే పాత స్టోర్సు వారికి స్క్రూల పెట్టెలు గుర్తుకొస్తాయి.

కంపెనీ తర్వాత కంపెనీ స్క్రూలు చేయడం మొదలుపెట్టాక ఇంకొక చిక్కు వచ్చింది. ఎవరి మర వారిది. ఒకరి నట్టు మరొకరి బోల్టుకు ఎక్కేది కాదు. మాడ్స్‌లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ అనేక కర్మాగారాల నుంచి నమూనాలు తెప్పించుకుని, వాటి సగటు తీసి, 1841లో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలతో ఇంకొకటి ప్రతిపాదించాడు. పైకి చిన్న తేడాయే. కాని అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు, అమెరికన్ బోల్టుకు 13. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు విమాన ఇంజను అమెరికాలో తయారుచేయవలసి వచ్చినప్పుడు ప్యాకార్డు కంపెనీ బ్రిటిషు మరలు తీసే పనిముట్లు కూడా తానే చేసుకోవలసి వచ్చింది. ఆ అనుభవంతోనే 1948 నవంబరులో బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలు ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. అంతకు ముందు సంవత్సరం పుట్టిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలో ఒకటో నంబరు సాంకేతిక కమిటీ స్క్రూ మరలదే!

మన దేశంలో 1956 చట్టం ప్రకారం మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలయ్యాయి. అయినా పాత యంత్రాలు ఉన్నంతకాలం మా స్టోర్సులో అంగుళాల అర వేరు, మిల్లీమీటర్ల అర వేరు. రెండూ కలిపేస్తే మర చెడి, వెయ్యి రూపాయల భాగం అర్ధరూపాయి బోల్టు వల్ల పాడవుతుంది.

ఇళ్ళలోకి వచ్చిన మరో రెండు మార్పులు చెప్పాలి. లండనులో జాన్ రాలింగ్స్ బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడుకాకుండా విద్యుత్ సామాను బిగించవలసి వచ్చి, 1911లో రాల్ ప్లగ్గుకు పేటెంటు పొందాడు. అంతవరకు గోడకు పెద్ద కన్నం తొలిచి చెక్క బిరడా దిగగొట్టేవారు. రెండోది, మనం ‘స్టార్’ అని పిలిచే ఫిలిప్స్ స్క్రూ. హెన్రీ ఫిలిప్స్‌కు 1936లో పేటెంట్లు వచ్చాయి. స్క్రూడ్రైవరు జారిపోకుండా తనంతట తానే మధ్యలో కుదురుకోవడం దాని గుణం.

ఇంత కథ తెలిశాక ఇంటి పనికి పనికొచ్చే నాలుగు సూత్రాలు సులువుగా అర్థమవుతాయి. బరువు లాగే చోట, తలుపు బందులకు స్క్రూయే వాడాలి. ముందు స్క్రూకంటే సన్నని బెజ్జం వేసి, మరకు కాస్త సబ్బు రాస్తే చెక్క చీలదు, చేయి నొప్పి పుట్టదు. బందు స్క్రూ వదులైతే ఇంకా లావు స్క్రూ వెతక్కుండా, బెజ్జంలో జిగురు అద్దిన అగ్గిపుల్లలు నింపి, ఆరాక మళ్ళీ బిగించండి. మేకు కొట్టేటప్పుడు వరసగా ఒకే నార మీద కొట్టవద్దు. స్క్రూ తలకు సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. విద్యుత్ పరికరమైతే ముందు ప్లగ్గు పీకాలి. ఎత్తు బల్లలు ఎక్కే పని మాత్రం మన వయసువారు పిల్లలకు వదిలేయడం మంచిది.

చివరగా అసలు విషయం. ఈ మధ్య మా ఇంట్లో ఒక చార్జింగ్ లైటు వెలగడం మానేసింది. తిప్పి చూస్తే ఒక్క స్క్రూ లేదు, డబ్బా అంతా అంటించేశారు. లోపల బ్యాటరీ మార్చాలంటే పగలగొట్టడమే దారి. మరికొన్ని వస్తువులకు స్క్రూలు ఉన్నా, మన దగ్గరున్న స్క్రూడ్రైవరు వాటికి పట్టదు. 2009లో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లలో ఐదు రేకుల స్క్రూ వాడడం మొదలుపెట్టింది. విట్‌వర్త్ నాటి నుంచి ఎవరి స్క్రూనైనా ఎవరైనా విప్పగలగాలని ప్రపంచం నూరేళ్ళు శ్రమపడితే, ఇప్పుడు ఎవరూ విప్పకుండా చేయడం వ్యాపారమైంది. నెలకొక్కసారి వచ్చే పింఛనుతో బతికే మనకు ఇది చిన్న విషయం కాదు.

ఆశ కూడా లేకపోలేదు. 2022 జూలైలో మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, ఆ డిసెంబరులో దానికోసం పోర్టల్ ప్రారంభించింది. 2024లో యూరపు సమాఖ్య ఇదే విషయమై చట్టం చేసింది. కనుక మిత్రులారా, ఏ వస్తువైనా కొనేముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. స్క్రూలు ఉన్నాయా, మామూలు స్క్రూడ్రైవరుతో వస్తాయా అని దుకాణదారుని అడగండి. అడిగేవారు ఎక్కువైతే అమ్మేవారు వింటారు. మీ మనవలకు, మనవరాళ్ళకు ఒక పాత టార్చిలైటు ఇచ్చి, విప్పి మళ్ళీ బిగించడం నేర్పండి. విప్పడం వచ్చినవాడు వస్తువును పారెయ్యడానికి తొందరపడడు.