ఎస్ స్కేల్ (నమూనా రైళ్లు)

ఎస్ స్కేల్ అసలు రైలును 64వ వంతుకు కుదించే నమూనా కొలమానం. అసలు బండిలోని అడుగు ఇందులో 3/16 అంగుళం. ఓ (1:48), హెచ్‌ఓ (1:87) స్కేళ్ల నడుమ నిలిచే దీనికి వాటితో పోలిస్తే అభిమానులు తక్కువ. 1946లో అమెరికాలో ఏ.సి.గిల్బర్ట్ కంపెనీ విడుదల చేసిన ‘అమెరికన్ ఫ్లయర్’ బొమ్మరైళ్లతో ఇది ఇంటింటికీ చేరింది.

వర్గాలు

*ఫ్లయర్:* గిల్బర్ట్ కాలపు బండ్లు, వాటి వారసులు. ఎత్తైన పట్టాలు, లోతైన చక్రపు అంచులు, పెద్ద కప్లర్లు (బండ్లను కలిపే కొక్కేలు), ఏసీ విద్యుత్తు వీటి గుర్తులు.

*హై-రైల్:* చక్రాలు, పట్టాలు ఫ్లయర్ తరహావే. పరిసరాల చిత్రణ మాత్రం వాస్తవికంగా ఉంటుంది.

*స్కేల్:* సన్నని పట్టాలు, చిన్న అంచులు, అసలు కొలతకు దగ్గరైన కప్లర్లు. డీసీ లేదా డిజిటల్ నియంత్రణ.

*ప్రోటో:64:* చక్రం మందం నుంచి పట్టాల సందుల దాకా అన్నీ 64వ వంతుకు కచ్చితంగా కుదిస్తారు.

*న్యారోగేజ్:* గేజ్ అంటే పట్టాల నడుమ దూరం. మూడడుగుల గేజ్‌కు ఎస్ఎన్3 (14.3 మి.మీ.). మూడున్నర అడుగుల గేజ్‌కు హెచ్‌ఓ వారి 16.5 మి.మీ. పట్టాలే సరిపోతాయి.

పొంతన

మొదటి మూడు వర్గాలకూ పట్టాల నడుమ దూరం ఒక్కటే, సుమారు 22.5 మి.మీ. అయినా ఫ్లయర్ చక్రపు అంచు స్కేల్ పట్టాల మేకులకు తగులుతుంది. స్కేల్ చక్రం ఫ్లయర్ పాయింట్ల (దారి చీలే చోటి పట్టాల) వెడల్పాటి సందులో దిగబడుతుంది. అందుకే కొందరు తయారీదారులు ఒకే బండిని రెండు రకాల చక్రాలతో అమ్ముతారు. కొనేవారు స్కేల్‌తోపాటు వర్గాన్నీ తప్పక చూసుకోవాలి.