పసిపిల్లల ఖర్చు ఏ పద్దులో రాయాలి?

"ఆడది డ్యూటీకి పోతే పిల్లల గతేంటి?" అని అడిగేవాళ్ళు కోకొల్లలు. మగవాడు నైట్ షిఫ్టుకి పోతే పిల్లల గతేంటని అడిగినవాడిని నేనింతవరకూ చూడలేదు. మన చట్టాలు కూడా ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. బస్తర్‌లోని కిరండూల్ సంగతి చూడండి.

జపాన్‌కి ఇనుప ఖనిజం అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దానికోసం కొత్తవలస నుంచి కొండలు తొలిచి రైలుమార్గం వేశారు. 1968లో బైలదిల్లా 14వ డిపాజిట్‌లో ఎన్.ఎం.డి.సి. తవ్వకం మొదలుపెట్టింది. ఖనిజం మా విశాఖ రేవుకి వచ్చేది, మావైపు కుర్రాళ్ళు ఉద్యోగాలకి అటు వెళ్ళేవారు. గనికి వేసవి సెలవులుండవు.

1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయకూడదనే నిషేధం ఉండేది. పైన కూడా ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే పని ఉండేది. ఆడవాళ్ళున్న గనిలో క్రెచ్ ఉండాలని 1966 నిబంధనలు చెప్పాయి. మంచిదే. కానీ ఇందులో తండ్రి ఎక్కడా లేడు! రాత్రిపూట తల్లి ఇంట్లోనే ఉంటుందని చట్టం ముందే తీర్మానించేసింది.

నా సహోద్యోగి బావమరిది అక్కడ గని ఉద్యోగి, భార్య నర్సు. వారం వారం షిఫ్టు మారేది. ఇద్దరికీ ఒకేసారి రాత్రి డ్యూటీ పడితే పదేళ్ళ కూతురే తమ్ముణ్ణి చూసుకునేది. మర్నాడు బడిలో ఆ పిల్ల నిద్రపోయేది. జీవితమంతా రక్షణశాఖ పద్దులు చూసినవాణ్ణి కాబట్టి అంటున్నాను, ఖర్చు ఎప్పుడూ మాయమవదు, వేరే ఖాతాలోకి పోతుంది. ఇక్కడ అది ఆ పిల్ల చదువు ఖాతాలోకి పోయింది.

గనుల్లో చేత్తో పనిచేసే కాంట్రాక్టు కూలీల సంగతి మరీ దారుణం. యంత్రాలొచ్చి పని పోతుందని ఆందోళన చేస్తే 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు. ఆడకూలీకి పని పోతే క్రెచ్ హక్కూ దాంతోపాటే పోతుంది. ఫ్యాక్టరీల చట్టం ఇంకో తమాషా. 1948లో 50 మంది స్త్రీలు దాటితే క్రెచ్ అన్నారు, 1976లో 30 చేశారు. ముప్ఫై దగ్గర ఆపేస్తే సరి అని లెక్కలొచ్చిన యజమానికి ఎవరైనా చెప్పాలా?

క్రెచ్ మన సంస్కృతి కాదనే పెద్దలకి ఒక మాట. 1920ల్లో బొంబాయి మిల్లు కూలీ తల్లులు పసిబిడ్డ ఏడవకుండా నల్లమందు పెట్టి పనికి పోయేవారు. 1931లో రాయల్ కమిషన్ క్రెచ్‌లు పెట్టమంది అందుకే. ఆ నల్లమందు ఏ సంస్కృతో వాళ్ళే చెప్పాలి.

డబ్బెక్కడిదంటారా? 1943లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కైజర్ ఓడల కంపెనీ తన యార్డు గేటు దగ్గరే పిల్లల కేంద్రాలు తెరిచింది. రోజుకి 24 గంటలు, ఏడాదికి 364 రోజులు, ఒక్క క్రిస్మస్ తప్ప! ఏ షిఫ్టు తల్లయినా బిడ్డని వదిలి వెళ్ళొచ్చు. నాకు నచ్చింది ఆ ఖర్చు రాసిన తీరు. ఉక్కుతోపాటు దాన్నీ ఓడ తయారీ ఖర్చులో కలిపి ప్రభుత్వానికి బిల్లు పెట్టారు. 1945లో యుద్ధం ముగిసింది, కేంద్రాలు మూతపడ్డాయి. అంటే చేతకాక కాదు, అవసరం తీరాక మానేశారు.

మన దగ్గర 2017 సవరణతో స్త్రీపురుషులు కలిపి 50 మంది ఉద్యోగులుంటే క్రెచ్ తప్పనిసరి అయింది. లెక్కలోకి మగవాడు వచ్చాడు. కానీ రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకునే హక్కు తల్లికే ఇచ్చారు. 2025 నవంబరులో ఈ పాత చట్టాల స్థానంలో కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, అందులోనూ అదే మాట.

2019లో గనుల్లో స్త్రీలకి రాత్రి పని అనుమతించారు. ఆమె రాతపూర్వక సమ్మతి కావాలన్నారు. రాత్రి బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలో తెలియని తల్లి ఆ కాగితం మీద సంతకం ఎలా పెడుతుంది? పెట్టకపోతే, ఆడవాళ్ళే రామంటున్నారని ఫైల్లో రాసుకుంటారు.